సలహాల సైట్లు సవాలక్ష… సాయం చేసేవి ఎన్ని?

"అన్నా! నువ్వు హాయిగా సినిమాలు చూస్తూ, హీరోయిన్లతో కాఫీలు తాగుతూ, అవే కబుర్లు రాసి డబ్బు సంపాదిస్తావట గదా! ఆ కిటుకేదో మాకూ చెప్పకూడదూ?"

ఇలా అడిగే కుర్రాళ్ళు వారానికి ఇద్దరైనా తగులుతుంటారు నాకు. హీరోయిన్లతో కాఫీల సంగతి అటుంచండి, ప్రెస్‌మీట్‌లో టీ చల్లారేలోగా మనం ప్రశ్న అడిగే వంతు వస్తే అదే పదివేలు! ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, అడిగిన పత్రికకల్లా రాసుకుని బతికేవాణ్ణి ఫ్రీలాన్సర్ అంటారు. బి.ఏ. పట్టా చేత పుచ్చుకుని హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్‌లో ఓ గది అద్దెకు తీసుకుని, పదకొండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. పేరులో 'ఫ్రీ' ఉంది గదా అని ఉచితంగా రాయించుకోవాలని చూసేవాళ్ళతోనే పేచీ గాని, తక్కినదంతా బాగానే ఉంది.

ఈ కుర్రాళ్ళ రెండో ప్రశ్న మరీ ముఖ్యమైనది. "ఇవన్నీ నేర్చుకోవాలంటే నెట్‌లో ఏ సైటు చూడాలి?"

సైట్లకేం, బోలెడున్నాయి! 'రచయిత కావడానికి పది సూత్రాలు', 'నెలకు లక్ష సంపాదించే ఏడు మార్గాలు'… ఇలాంటివి ఫోను నొక్కితే చాలు, వానాకాలం పుట్టగొడుగుల్లా లేస్తాయి. పొద్దున్నే లేవమంటారు. రోజుకు వెయ్యి మాటలు రాయమంటారు. ఆత్మవిశ్వాసం వదలొద్దంటారు. మంచిదే! కాని రాసిన ఆ వెయ్యి మాటల్నీ ఎవరికి పంపాలి, వాళ్ళెంతిస్తారు, అసలిస్తారా అన్నది మాత్రం చెప్పరు. ఆత్మవిశ్వాసం చూపించి ఒకటో తారీఖున ఇంటద్దె కట్టలేం గదండీ!

చెట్టుకింద యూనివర్సిటీ

నేను ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో ఓ పత్రికాఫీసు దగ్గర చెట్టుకింద టీ బండి ఉండేది. సాయంత్రం ఆరు దాటితే అక్కడ ఓ సీనియర్ సబ్‌ఎడిటర్ గారు ప్రత్యక్షం. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు ఆయనకి బొత్తిగా లేదు. మూడు రకాల మాటలే చెప్పేవారు.

"ఒరేయ్ అబ్బాయ్, వాళ్ళు డబ్బు ఇస్తార్రా. కాని మూడు నెలలు పడుతుంది, ఈలోగా మరోటి చూసుకో."

"ఆ కాయితం మీద చదవకుండా సంతకం పెట్టకు. రెండో పేజీలో ఉంది అసలు సంగతి."

"ఆ సినిమా ఆ ఏడు కాదు. ఎవరు చెప్పారు నీకు? ఆధారం చూపించు."

అంతే! మొదటిది తిండి సంగతి, రెండోది హక్కు సంగతి, మూడోది పరువు సంగతి. ఫ్రీలాన్సర్‌కి కావలసిన చదువంతా ఈ మూడింట్లోనే ఉంది. ఆఫీసులో కూర్చునేవాడికి పక్క కుర్చీలో ఇలాంటి పెద్దవాళ్ళుంటారు. గదిలో ఒంటరిగా లాప్‌టాప్ ముందు కూర్చునేవాడికి ఎవరుంటారు? ఆ లోటు తీర్చేదే నా దృష్టిలో పనికొచ్చే సైటు. ఒక్కొక్క సంగతీ చూద్దాం.

ఇస్తారా? ఎంత? ఎప్పుడు?

అమెరికాలో 2012లో మాంజులా మార్టిన్ అనే రచయిత్రి 'హూ పేస్ రైటర్స్' అని ఓ సైటు పెట్టింది. పేరులోనే ఉంది విషయమంతా! ఫలానా పత్రికకు ఇన్ని మాటలు రాశాను, ఇంత ఇచ్చారు అని రచయితలే పేరు చెప్పకుండా అందులో రాసి పెట్టేవారు. అదేం గొప్ప సాహిత్యం కాదు, వట్టి చిట్టా. కాని ఆ చిట్టా చూసినవాడు బేరానికి కూర్చున్నప్పుడు బిక్కమొహం వేయక్కర్లేదు. పక్కవాడికి ఎంత ముట్టిందో తెలియకపోవడమే గదా ఇచ్చేవాడి బలం!

మన తెలుగులో రేట్ల సంగతి ఇప్పటికీ చెవుల్లో చెప్పుకునే రహస్యమే. పూర్వం నుంచీ పత్రికల్లో 'లైన్ ఎకౌంట్' అనే పద్ధతి ఒకటుంది. ఊళ్ళలో ఉండే విలేఖరి పంపిన వార్త అచ్చయితే, అచ్చయినంత మేర కొలిచి డబ్బిస్తారన్నమాట. పదిహేను పేజీలు రాసినా అచ్చయిన పది లైన్లకే లెక్క. సినిమా వ్యాసాలకైతే ఆ కొలతా లేదు. 'పారితోషికం' అనే మర్యాదైన మాట ఒకటి పెట్టి ఊరుకుంటారు. ఎంత అని అడిగితే మనకే మర్యాద తెలియదన్నట్టు చూస్తారు!

అంచేత పనికొచ్చే సైటు అంటే, ఫలానా పత్రికకు ఎన్ని మాటల వ్యాసం కావాలి, ఏ విభాగానికి పంపాలి, పారితోషికం ఎంత, అది వ్యాసం తీసుకోగానే ఇస్తారా, అచ్చయ్యాక ఇస్తారా, రాయించుకుని వేయకపోతే ఏమైనా ముట్టజెబుతారా… ఇవి చెప్పాలి. చివర్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఈ సమాచారం ఏ తేదీ నాటిదో చెప్పాలి.

తేదీకి అంత ప్రాముఖ్యం ఏమిటంటారా? చిన్న ఉదాహరణ. రాసినవాడికి సంస్థలిచ్చే వృత్తి ఫీజులోంచి నూటికి పది రూపాయలు ముందే పన్ను కింద కోస్తారు. దాన్నే టి.డి.ఎస్. అంటారు. ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చేది 30,000 రూపాయలు దాటితే కోత అని పాత నిబంధన. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితిని 50,000 చేశారు. పాత లెక్కనే పట్టుకుని, తేదీ వేయకుండా కూర్చున్న సైటు చదివి మీరు ఎకౌంట్స్ గుమాస్తాతో వాదనకు దిగారనుకోండి… నవ్వులపాలయ్యేది సైటు కాదు, మీరు!

ఇక మోసాల సంగతి. 'ఇంట్లో కూర్చుని రాసుకోండి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అనే ప్రకటనలు చూసే ఉంటారు. ఫీజు కట్టాక ఓ గుట్ట టైపింగు పని పంపుతారు. గడువు దాటిందనో, తప్పులున్నాయనో చెప్పి, ఒప్పందం ఉల్లంఘించావు గనుక జరిమానా కట్టమని వకీలు నోటీసులాంటి కాయితం ఒకటి పంపి బెదిరిస్తారు. అమెరికాలో 1998 నుంచీ 'రైటర్ బివేర్' అని ఓ సైటుంది. సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం అండతో ఎ.సి.క్రిస్పిన్, విక్టోరియా స్ట్రాస్ అనే ఇద్దరు రచయిత్రులు మొదలుపెట్టారు. రచయితల జేబులు కొట్టే సంస్థల గుట్టు బయటపెట్టడమే దాని పని. అది నడిచే దారి అర్థం చేసుకుంటే ఓ సూత్రం దొరుకుతుంది. డబ్బు ఎప్పుడూ రాసేవాడి వైపు రావాలి, రాసేవాడి దగ్గర్నుంచి పోకూడదు. 'ఎదురు డబ్బు కట్టు' అన్నవాడు ఎంత తియ్యగా మాట్లాడినా, వాడు మీ కథలో విలనే!

రెండో పేజీలో ఉన్న సంగతి

హక్కుల దగ్గరకు వద్దాం. ఇదేదో లాయర్ల గోల అనుకుని పేజీ తిప్పేయకండి. మీ జేబుకు సంబంధించిన గోల!

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రాసిన వ్యాసానికి మొదటి హక్కుదారు రాసినవాడే. పత్రికలో జీతానికి పనిచేస్తూ రాస్తే మాత్రం పత్రికలో ప్రచురించుకునే హక్కు యజమానికి చెందుతుంది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాడు గదా! కనుక హక్కు తనది. దాన్ని మరొకరికి ధారపోయాలంటే రాతమూలకంగా ఉండాలి, సంతకం ఉండాలి. నోటిమాట చెల్లదు. ఆ కాయితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే అని అర్థం. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం.

ఫోటోల సంగతి వేరు, సుమండీ! డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే హక్కుదారు. కెమెరా పట్టుకుని షూటింగులకు తిరిగే తమ్ముళ్ళు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి. అలాగే నెట్‌లో దొరికిన స్టిల్ కదా అని వ్యాసానికి అతికించేయడం కూడా చెల్లదు. దొరికిందల్లా మనది కాదు.

ఇదంతా నాకు ఏ సైటు నేర్పిందనుకున్నారు? 'మీ హక్కులు తెలుసుకోండి' అని ఎర్ర అక్షరాల్లో అరిచేది కాదు. చట్టంలో ఫలానా సెక్షన్ అని నంబరు వేసి, ఆ చట్టం పాఠం ఉన్న ప్రభుత్వ సైటుకు లింకు ఇచ్చి, కింద నాలుగు మాటల్లో వివరించిన ఓ చిన్న సైటు. రంగులూ లేవు, హంగులూ లేవు. కాని నేను స్వయంగా వెళ్ళి సరిచూసుకోగలిగాను. అదీ తేడా!

అది నాకు ఎంత అక్కరకొచ్చిందో చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఓ సంస్థ నా దగ్గర పాత చిత్రాల మీద ఆరు వ్యాసాలు రాయించుకుంది. వేశారు, జనం చదివారు, డబ్బు మాత్రం రాలేదు. ఫోను చేస్తే "ఎకౌంట్స్‌లో ఉందండీ" అనేవారు. ఏడు నెలలు అదే డైలాగు! ఆ ఎకౌంట్స్ ఏ లోకంలో ఉందో గాని, నేను మాత్రం గది అద్దె కోసం మా బావగారి దగ్గర చేయిచాచాల్సి వచ్చింది. ఇంటికి ఫోను చేస్తే అమ్మ "పోనీ ఏదైనా ఉద్యోగం చూసుకోకూడదురా" అని మెల్లగా అనేది. ఆ మెల్లదనమే ఎక్కువ బాధించేది.

అప్పుడు దొరికింది 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం. పేరు చూసి ఫ్యాక్టరీల వాళ్ళదనుకుంటాం. కాని సేవలందించే చిన్నవాళ్ళకూ అది వర్తిస్తుంది. 2020 జూలై నుంచి 'ఉద్యం' అనే పేరుతో ఆ నమోదు జరుగుతోంది. ప్రభుత్వ సైటులో పైసా ఖర్చు లేదు. (డబ్బు అడిగే నకిలీ సైట్లున్నాయి, జాగ్రత్త!) ఈ చట్టం ప్రకారం, రాసుకున్న ఒప్పందం ఏదైనా సరే, పని అందుకున్న 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. లేకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ! అయితే నమోదు మాత్రం పని మొదలెట్టకముందే చేయించుకుని ఉండాలి.

నా నమోదు అప్పటికే ఉంది. రేటు ఒప్పుకున్న మెయిలూ ఉంది. వ్యాసం పేరు, పంపిన తేదీ, వేసిన తేదీ, రావలసిన సొమ్ము అని ఓ పట్టిక వేసి, కింద సెక్షన్ నంబరు రాసి పంపాను. తిట్లు లేవు, వేడికోళ్ళు లేవు. తొమ్మిదో రోజున డబ్బు ఎకౌంట్లో పడింది! వడ్డీ వదిలేశాను. చక్రవడ్డీలు రావుగోపాలరావు గారి పాత్రలకు అచ్చొచ్చినట్టు మనకు అచ్చిరావు.

ఎవరు చెప్పారు? ఆధారం ఏది?

సినిమా మీద రాసేవాళ్ళకు మూడో సంగతి ప్రాణంతో సమానం. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఎప్పుడు విడుదలైంది? పాత పుస్తకాల్లోనూ, వాటిని చూసి రాసిన సైట్లలోనూ 1931 సెప్టెంబరు 15 అని కనిపిస్తుంది. దశాబ్దాల తరబడి ఆ తేదీన పండగలు కూడా చేసుకున్నాం. విలేఖరి, పరిశోధకుడు రెంటాల జయదేవ గారికి సందేహం వచ్చి, ఆ నాటి కాయితాలు తిరగేశారు. ఆ చిత్రం సెన్సారు అయిందే 1932 జనవరి 22న! ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా హాల్లో విడుదలైంది. 1931 అక్టోబరు 31న వచ్చిన 'కాళిదాస్' దానికన్నా ముందుదన్నమాట. రెండింటికీ దర్శకుడు మన హెచ్.ఎం.రెడ్డి గారే.

మరి అన్ని చోట్లా తప్పు ఎలా నిలబడింది? ఒకరిని చూసి ఒకరు రాశారు గనుక! పది సైట్లు ఒకే తేదీ చెప్పాయంటే పదిమంది సాక్షులు దొరికారని కాదు. ఒకే సాక్షిని పదిసార్లు బోనెక్కించారని!

ఇంకో చిక్కు చూడండి. 'మాయాబజార్' అన్నారనుకోండి. ఏ మాయాబజార్? 1936లో వచ్చినదా, కె.వి.రెడ్డి గారి 1957 నాటిదా, ఇంద్రగంటి మోహనకృష్ణ గారు 2006లో తీసినదా? 'దేవదాసు'లూ అంతే. 1953, 1974, 2006. 'లవకుశ'కు 1934లో సి.పుల్లయ్య గారు దర్శకులు. 1963 నాటి లవకుశను ఆయనే మొదలుపెడితే, కుమారుడు సి.ఎస్.రావు గారు పూర్తిచేశారు. ఏడాది వేయని జాబితా చూసి వ్యాసం రాస్తే తండ్రి పని కొడుక్కీ, కొడుకు పని తండ్రికీ అంటగట్టేస్తాం.

వసూళ్ళ సైట్ల గురించి చెప్పనే అక్కర్లేదు. టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం 'గ్రాస్'. పన్నులు, హాలు అద్దె వగైరాలు పోగా పంపిణీదారుకు మిగిలేది 'షేర్'. ఈ రెంటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా! చెప్పింది ఏదో, లెక్క ఎవరిచ్చారో రాయని అంకెకు అభిమానుల గొడవల్లో తప్ప మరోచోట విలువ లేదు.

మరి నమ్మదగ్గవి లేవా? ఎందుకు లేవు! ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడెమీ వారు పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి నెట్‌లోకి ఎక్కించారు. ఆ నాటి ప్రకటన, ఆ నాటి సమీక్ష మీ కళ్ళతో మీరే చూడొచ్చు. ఏ హాల్లో ఏ ఆట పడిందో ప్రకటన చెబుతుంది, తారీఖు పేజీ మీద ఉంటుంది. ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి? పూర్వం హాళ్ళ దగ్గర అణాలకు అమ్మిన పాటల పుస్తకాల్లో కథాసంగ్రహం, నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లు ఉంటాయి. అవి స్కాన్ చేసి పెట్టిన అజ్ఞాత మహానుభావులకు దండం పెట్టాలి! 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఉన్నది ఎంత నిజమన్నది పేజీ అడుగున ఇచ్చిన ఆధారాన్ని బట్టి ఉంటుంది. నేను ముందు అడుగు చూసి తర్వాత పై భాగం చదువుతాను. మాట దగ్గర అనుమానమొస్తే 'ఆంధ్రభారతి' నిఘంటువు. బ్రౌణ్యంతో మొదలుపెట్టి ఎన్నో నిఘంటువులు ఒక్క దెబ్బకు వెతికిపెడుతుంది.

మరో జాగ్రత్త. మీ వ్యాసం వేసిన సైటు రేపు మూతబడితే మీ పేరూ దాంతోపాటు మాయం! కొత్త ఎడిటరుకు చూపించడానికి ఏమీ మిగలదు. 1996లో పుట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు, మూతబడ్డ సైట్ల పాత పేజీలు చూసే వీలును 2001లో అందరికీ తెరిచారు. మీ పేజీని అక్కడ దాచమని మీరే అడగొచ్చు. దాంతోపాటు ఓ పి.డి.ఎఫ్. తీసి మీ దగ్గరా పెట్టుకోండి. వేసిన రోజునే సుమా, రేపటికి వాయిదా వద్దు.

ఇక మీ వంతు!

ఏదైనా సైటు మీ కంటబడ్డప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎప్పటిది? నేను వెళ్ళి సరిచూసుకునే దారి ఉందా? నా దగ్గర డబ్బు అడుగుతోందా? మొదటి మూడింటికీ జవాబుండి, నాలుగోదానికి 'లేదు' అని వస్తే అది గుర్తు పెట్టుకోండి. లేదంటే మరో దానికి పోండి. అందం, రంగులు, 'లక్షమంది సభ్యులు' లాంటి మాటలు పోస్టరు లాంటివి. పోస్టరు చూసి ఎన్ని సినిమాలకు మోసపోయామో మనకు తెలియదూ!

అమెరికా వాళ్ళకు ఉన్నట్టు తెలుగు పత్రికల రేట్ల చిట్టా నా కంటికి ఇంతవరకు కనబడలేదు. అలాంటిది ఎవరో వచ్చి పెడతారని ఎదురుచూడడం కన్నా, రాసే కుర్రాళ్ళు అయిదుగురు కలిస్తే చాలు. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎన్నాళ్ళకు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు… మూడు గడుల పట్టిక. అందరూ అందులో నిజం రాయాలి, అంతే. ఆ పట్టిక ఉంటే మీ తర్వాత వచ్చే తమ్ముడో చెల్లెలో మొదటి రోజునే బేరం ఆడగలరు, ఇంటి నుంచి ఫోను వస్తే ధైర్యంగా ఎత్తగలరు.

మీరు పట్టిక మొదలుపెట్టండి. మొదటి వరస నేను నింపుతాను, తేదీతో సహా!